పాఠకుల ప్రశ్నలు: హత్య ఒక రాత్రి, దర్యాప్తు ఆరు నెలలు

రెండు సంచికల క్రితం ఒక పాఠకుడు వరుసగా చదువుకోదగిన పోలీసు నవలలు ఏవైనా చెప్పమని అడిగితే, స్వీడన్‌కు చెందిన మాయ్ షోవాల్, పేర్ వాలూ అనే రచయితల జంట 1965 నుంచి 1975 వరకు, మార్టిన్ బెక్ అనే స్టాక్‌హోమ్ పోలీసు డిటెక్టివ్ నాయకుడుగా రాసిన పది నవలలను ఇంగ్లీషు అనువాదంలో చదవమని ఈ శీర్షికలో సూచించాను. ఆ జవాబు మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్యకాలంలో మరే జవాబు మీదా రాలేదు. వాటిలో మెచ్చుకోళ్ల కంటే ఫిర్యాదులే ఎక్కువగా ఉన్నందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. హంతకులెవరన్నది ఎక్కడా బయటపెట్టలేదు కనుక, పుస్తకాలు ఇంకా చదవనివారు కూడా నిర్భయంగా చదవవచ్చు.

ప్రశ్న: అయ్యా, మీ మాట మీద మొదటి నవల ‘రోజానా’ తెప్పించుకున్నాను. నేను డిటెక్టివ్ యుగంధర్‌ను, ఆ తరువాత షాడోను చదివి పెరిగినవాణ్ని. ఈ పుస్తకంలో ఒక శవం దొరుకుతుంది, అంతే. అక్కడి నుంచి పోలీసులు కాఫీలు తాగుతూ ఎదురుచూస్తూ ఉంటారు. అరవై పేజీలు దాటినా ఒక్క ఛేజింగ్ లేదు, ఒక్క తుపాకీ పేలలేదు. ముందుకు వెళ్లమంటారా, మానేయమంటారా?
— ఒక పాఠకుడు, తెనాలి

మానేయవద్దు. అయితే చదివే పద్ధతిని కొంచెం మార్చుకోమని మాత్రం అడుగుతాను. యుగంధర్ నవలలను మనం ఎలా చదివేవాళ్లమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అద్దె పుస్తకాల షాపులో తెచ్చిన పుస్తకం మర్నాటికి తిరిగి ఇవ్వకపోతే రెండో రోజు అద్దె పడుతుందన్న భయంతో, అన్నం కంచం ముందు కూడా పుస్తకం తెరిచి పెట్టుకుని, తెల్లవారేలోగా ముగించేవాళ్లం. కొమ్మూరి సాంబశివరావు గారు ఆ వేగానికి తగినట్టుగానే రాశారు. యుగంధర్ ప్రైవేటు డిటెక్టివ్. పక్కన రాజు ఉంటాడు, కారు సిద్ధంగా ఉంటుంది, ఆయన ఎక్కడికైనా బయలుదేరడానికి పైఅధికారి సంతకం అక్కరలేదు. మార్టిన్ బెక్ అలా కాదు, జీతం మీద బతికే ప్రభుత్వోద్యోగి. పొట్టలో మంట, తరచూ జలుబు, ఇంట్లో అంతంతమాత్రంగా సాగుతున్న కాపురం, తీరిక దొరికితే చెక్కతో బొమ్మ ఓడలు తయారు చేసుకునే అలవాటు. ఆయన్ను యుగంధర్ వేగంతో పరుగెత్తించాలని చూస్తే ఇద్దరికీ ఆయాసమే మిగులుతుంది.

కథాస్థలం యోటా కాలువ. 1832లో పూర్తయిన ఈ కాలువ 190 కిలోమీటర్ల పొడవున, 58 లాకులతో స్వీడన్ దేశం నడుమ సాగుతుంది. లాకులంటే ఏమిటో తెనాలి వారికి నేను వివరించనక్కరలేదు. మోటాలా అనే ఊరి దగ్గర, బోరెన్స్‌హుల్ట్ లాకుల వద్ద పూడిక తీస్తున్న డ్రెడ్జర్ బకెట్‌లో జూలై 8వ తేదీ మధ్యాహ్నం ఒక యువతి శవం పైకి వస్తుంది. ఒంటి మీద నూలుపోగు లేదు, నగ లేదు, ఆ పోలికలతో ఎవరూ తప్పిపోయినట్టు ఫిర్యాదు లేదు. మన దినపత్రికల జిల్లా పేజీలలో ‘కాలువలో గుర్తు తెలియని మహిళ మృతదేహం’ అనే శీర్షికతో నాలుగు వాక్యాల వార్త తరచూ కనబడుతుంది. దాని ఆఖరి వాక్యం ఎప్పుడూ ఒక్కటే: పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. ఆ వాక్యం దగ్గర మనం పేజీ తిప్పేస్తాం. ‘రోజానా’ నవల సరిగ్గా ఆ వాక్యం దగ్గర మొదలై, ఆ దర్యాప్తు అనే మాటలో ఏమేమి ఇమిడి ఉంటాయో మూడు ఋతువుల పొడవునా చూపిస్తుంది.

మీకు విసుగు పుట్టించిన ఎదురుచూపు నా దృష్టిలో ఈ నవలకు ప్రాణం. స్టాక్‌హోమ్ నుంచి మార్టిన్ బెక్ బృందం మోటాలాకు వస్తుంది, అక్కడి పోలీసులతో కలిసి ఊరంతా గాలిస్తుంది, ఏమీ దొరకక తిరిగి వెళుతుంది. పత్రికలు ఆ సంగతి మరచిపోతాయి. సెలవులు అయిపోతాయి. మోటాలా పోలీసు ఆల్‌బెర్గ్, స్టాక్‌హోమ్‌లో ఉన్న మార్టిన్ బెక్, వీళ్లిద్దరు మాత్రం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉంటారు. చెప్పుకోవడానికి కొత్త సంగతి ఒక్కటీ లేని రోజున కూడా మాట్లాడుకుంటారు. ఆ అమ్మాయి అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం నుంచి ఒంటరిగా విహారయాత్రకు వచ్చిందని, ‘డయానా’ అనే కాలువ పడవ ఎక్కిందని చివరికి తెలుస్తుంది. అంతటితో కేసు తేలికవుతుందనుకుంటే పొరపాటే. ఆ పడవలో ప్రయాణికులు, సిబ్బంది కలిసి 85 మంది. వాళ్లు అప్పటికే నాలుగు ఖండాలకు చెదిరిపోయారు. ఇంటర్నెట్ లేని 1964 ప్రాంతంలో వాళ్లందరినీ వెతికి పట్టుకోవడం ఎంత పనో ఊహించండి.

అప్పుడు వాళ్లకొక ఆలోచన తడుతుంది. విహారయాత్రకు వెళ్లినవారు ఫొటోలు తీసుకోకుండా ఉండరు కదా. ఆ ఫొటోలన్నీ తెప్పిస్తారు. అపరిచితుల సెలవు జ్ఞాపకాలు, అంటే రెయిలింగ్ పట్టుకుని నవ్వుతున్న భార్యలు, చెట్లు, ఆవులు, లాకు తలుపులు, పోలీసు బల్ల మీద పేరుకుంటాయి. ప్రతి ఫొటోలోనూ ముందు నిలబడి నవ్వుతున్న మనిషిని వదిలేసి, వెనకాల అనుకోకుండా పడినవాళ్ల కోసం భూతద్దంతో వెతుకుతారు. ఒకచోట చీకటి గదిలో కూర్చుని ఒక ప్రయాణికుడు తీసిన సినిమా రీలు చూస్తారు. అప్పటివరకు వాళ్లు శవంగా మాత్రమే ఎరిగిన అమ్మాయి తెరమీద కొన్ని క్షణాలపాటు సజీవంగా కనబడుతుంది. అక్కడ తుపాకీ పేలదు, ఎవరూ కేక పెట్టరు. అయినా అన్ని నెలల ఎదురుచూపును వాళ్లతోపాటు మీరు కూడా భరించి ఉంటే, ఆ పుటల దగ్గర మీ చేయి ఆగకుండా ఉండదని నా నమ్మకం. ఎదురుచూపును దాటవేసినవారికి అది కేవలం ఒక సినిమా రీలు.

ఈ వరుసలోని ప్రతి నవలలోనూ సరిగ్గా 30 అధ్యాయాలు ఉంటాయి. రాత్రికి అయిదు అధ్యాయాల చొప్పున ఆరు రాత్రులు పెట్టుకోండి. మీరు సొంతంగా కొన్న పుస్తకమే కదా, అద్దె పెరగదు.

ప్రశ్న: పది పుస్తకాలనూ వరుస ప్రకారమే చదవాలా? పాత పుస్తకాల దుకాణంలో నాకు నాలుగవది ఒక్కటే దొరికింది. దానితో మొదలుపెట్టవచ్చునా?
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

మొదలుపెట్టవచ్చు, కథ అర్థమవుతుంది. కానీ నా సలహా వినేటట్లయితే ఆ పుస్తకాన్ని అటక మీద పెట్టి మొదటి మూడింటిని సంపాదించండి. ఎందుకంటున్నానో చెబుతాను.

మీకు దొరికిన ఆ నాలుగవ నవల, 1968లో వచ్చిన ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’, మొత్తం వరుసలో ఎక్కువ పేరు పొందినది. 1971లో, నేర సాహిత్యానికి అమెరికాలో ఇచ్చే ఎడ్గార్ పురస్కారం కూడా ఉత్తమ నవలగా దానికే దక్కింది. 1967 నవంబరులో, జోరున వాన కురుస్తున్న రాత్రి, స్టాక్‌హోమ్ పోలీసులలో అధిక భాగం అమెరికా రాయబార కార్యాలయం ముందు వియత్నాం యుద్ధ వ్యతిరేక ప్రదర్శనను అదుపు చేయడంలో మునిగి ఉండగా, నగరం అంచున ఒక ఎర్రని డబుల్ డెక్కర్ బస్సులో ఎవరో మర తుపాకీతో అందరినీ కాల్చివేస్తారు. ఆ బస్సును రచయితలు ఎంత శ్రద్ధగా వర్ణించారో గమనించండి. ఇంగ్లండులోని లేలాండ్ కర్మాగారంలో చేసిన ఆ బస్సు రోడ్డుకు కుడివైపున నడపడానికి వీలుగా తయారైనది. అప్పటివరకు మనలాగే ఎడమవైపు బండ్లు నడిపిన స్వీడన్ 1967 సెప్టెంబరు 3వ తేదీన దేశమంతటా ఒక్కసారిగా కుడివైపుకు మారింది. కథ జరిగేనాటికి ఆ మార్పు వచ్చి రెండు నెలలే అయింది. కొత్త బస్సు, కొత్త దారి, పాత వాన. ఇంత మామూలు వివరాల నడుమ జరిగింది కనుకనే ఆ ఘోరం నమ్మదగినదిగా ఉంటుంది.

చనిపోయినవారిలో ఒకడు స్టెన్‌స్ట్రోమ్ అనే యువ డిటెక్టివ్. ఇది చెప్పినందువల్ల రహస్యమేమీ బయటపడదు, నవల తొలి భాగంలోనే తెలుస్తుంది. అతడు ఆ రాత్రి డ్యూటీలో లేడు. మరి ఆ బస్సులో ఎందుకున్నాడు? కొన్ని వారాలుగా ఆఫీసులో పని ఒత్తిడి ఎక్కువగా ఉందని అతడు ఇంట్లో చెబుతూ వచ్చాడు. ఆఫీసులో చూస్తే ఆ రోజుల్లో పెద్ద పనేమీ లేదు. నవల మొత్తం ఈ ముడి చుట్టూ తిరుగుతుంది.

ఇక వరుస ప్రకారం చదివినవారి సంగతికి వద్దాం. వారికి స్టెన్‌స్ట్రోమ్ మొదటి పుస్తకం నుంచి తెలుసు. బృందంలో అందరికంటే చిన్నవాడు, కొంచెం అమాయకుడు, పెద్దవాళ్ల చేత మాటలు పడేవాడు, మనుషులను కనిపెట్టి వెంటాడడంలో మాత్రం నేర్పరి. మూడు పుస్తకాలపాటు మనం అతణ్ని పెద్దగా పట్టించుకోము, సహోద్యోగులు కూడా పట్టించుకోలేదు. నాలుగవ పుస్తకంలో అతడు బస్సు సీట్లో శవమై కనిపించినప్పుడు, ఇతడి గురించి తమకు ఇంత తక్కువ తెలుసా అని మార్టిన్ బెక్ బృందం సిగ్గుపడుతుంది. ఆ సిగ్గులో మనకు కూడా వాటా దక్కాలంటే ముందు మూడు పుస్తకాలు చదివి ఉండాలి. నాలుగవదానితో మొదలుపెట్టినవారికి అతడు తొమ్మిది మంది మృతులలో ఒకడు, అంతకు మించి కాడు.

రచయితలు కూడా పది నవలలను విడివిడి కథలుగా తలపెట్టలేదు. 300 అధ్యాయాల ఒకే నవలగా తలపెట్టి, మొత్తానికి ‘ఒక నేరం గురించిన నవల’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. పిల్లలు నిద్రపోయిన తరువాత ఇద్దరూ రాత్రిపూట ఒకే బల్లకు చెరొక వైపున కూర్చుని, ఒకరు ఒక అధ్యాయం, మరొకరు మరొక అధ్యాయం రాసేవారు; మర్నాడు ఒకరిది ఒకరు దిద్దేవారు. ఏ అధ్యాయం ఎవరిదో చెప్పడానికి నేను చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోయాను.

ప్రశ్న: నాకు చివరి పేజీ ముందు చదివే అలవాటు ఉంది. మా వారు అది పుస్తకానికి చేసే ద్రోహమంటారు. మీరేమంటారు?
— ఒక గృహిణి, వరంగల్

మీ ఇంటి తగవులో నన్ను దించకండి. ఈ పది పుస్తకాల మట్టుకు మాత్రం చివరి పేజీ చూసినందువల్ల మీకు దక్కేది చాలా తక్కువ. హంతకుడి పేరు చూస్తే అంతకుముందు ఎన్నడూ వినని పేరే కావచ్చు; నవల మొదట్లో పదిమందిని వరుసగా నిలబెట్టి, వీళ్లలో ఒకడు అని పాఠకుడితో పందెం కట్టే పద్ధతి వీరిది కాదు. ఒక్క మినహాయింపు చెబుతాను: 1971లో వచ్చిన ఏడవ నవల ‘ది అబామినబుల్ మ్యాన్’ చివరి పేజీని మాత్రం దయచేసి ముందు తెరవవద్దు. మొదటి నవలలో ఆరు నెలలకు పైగా సాగిన కాలం ఆ నవలలో సుమారు ఒక్క రోజుకు కుదించుకుపోతుంది, ఆ వేగమంతా చివరి అధ్యాయం కోసమే.

ప్రశ్న: ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో పనిచేసి సీఐగా రిటైరయ్యాను. సినిమాలలో చూపే పోలీసులను చూసి నవ్వుకునే నాకు, ఈ పుస్తకాలలోని పోలీసులు మాత్రం చాలావరకు నిజమైన మనుషుల్లాగా కనిపించారు. కానీ ‘రోజానా’ చివర మార్టిన్ బెక్ ఎదురుగా కూర్చుని మెల్లగా మాట్లాడుతూ నేరం ఒప్పించే ఘట్టం చదివి, మన కోర్టులో ఇది చెల్లుతుందా అనిపించింది. మీ అభిప్రాయం ఏమిటి?
— ఒక విశ్రాంత పోలీసు అధికారి, కడప

మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. చెల్లదన్న సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయరాదని మన సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే నియమం 23వ సెక్షన్‌లోకి వచ్చింది. మార్టిన్ బెక్ కడప జిల్లాలో పనిచేసి ఉంటే, అంత ఓపికగా రాబట్టిన ఆ మాటలు కేసు డైరీలో ఉండిపోయేవి. ఆ మాటల ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే తప్ప కోర్టులో వాటికి విలువ ఉండేది కాదు. స్వీడన్ న్యాయస్థానాలలో సాక్ష్యాన్ని స్వేచ్ఛగా తూచుకునే పద్ధతి ఉన్నందువల్ల అక్కడ ఆ ఘట్టానికి బలం వచ్చింది.

చట్టం సంగతి పక్కన పెడితే, ఆ ఘట్టాన్ని మీవంటివారు మరొక రకంగా చదవగలరని నాకు అనిపిస్తుంది. అక్కడ బెదిరింపు లేదు, చేయి చేసుకోవడం లేదు, చాకచక్యం కూడా పెద్దగా లేదు. ఆ గదిలో మార్టిన్ బెక్‌కు ఉన్న బలమల్లా అవతలి మనిషి కంటే ఎక్కువసేపు కుర్చీలో కూర్చోగలగడం. ఆ ఓపిక ఆయనకు ఆ ఒక్కనాడు పుట్టినది కాదు. అంతకుముందు నెలల తరబడి ఫొటోలు తిరగేసి, ఫోనుల దగ్గర కూర్చుని అలవరచుకున్నది. ఆ ఘట్టం బాగుండడానికి ముందటి విసుగంతా కారణం. తెనాలి పాఠకుడికి నేను ఇచ్చిన జవాబును మీ ప్రశ్న మరింత బలపరిచింది.

ఈ పోలీసులు నిజమైన మనుషుల్లాగా ఉన్నారని మీరన్న మాటకు ఇంకొక ఉదాహరణ. బస్సు హత్యల నవలలో మొట్టమొదట అక్కడికి చేరేవారు క్రిస్టియాన్సన్, క్వాంట్ అనే ఇద్దరు గస్తీ పోలీసులు. వాళ్లు ఈ వరుసలో అప్పుడప్పుడు తగిలే హాస్యపాత్రలు. పని తప్పించుకోవడమే వాళ్ల పని. బస్సులోకి ఎక్కి, ఇటూ అటూ తొక్కుకుంటూ తిరిగి, నేలమీది గుర్తులన్నీ పాడుచేసి కూర్చుంటారు. తరువాత వచ్చిన అధికారి గున్‌వాల్డ్ లార్సన్ వాళ్లకు పెట్టే చీవాట్లు చదువుతూ మీరు తప్పక నవ్వి ఉంటారు. క్లూస్ టీమ్ వచ్చేలోగా ఊరు ఊరంతా తొక్కేసిన ఘటనాస్థలాలు మీ సర్వీసులో ఎన్ని చూశారో! కానీ ఆ నవ్వు వెనక రచయితల లెక్క ఒకటి ఉంది. ఆ ఇద్దరు అంత తెలివితక్కువవారు కాకపోతే కేసు కొన్ని రోజుల్లో తేలిపోయి ఉండేదేమో. డిటెక్టివ్ కథలలో సాధారణంగా హంతకుడి తెలివి వల్ల దర్యాప్తు ఆలస్యమవుతుంది. ఇక్కడ పోలీసుల సొంత పొరపాట్లు, సెలవులు, జలుబులు, ఒక శాఖకూ మరొక శాఖకూ పడకపోవడం కూడా ఆలస్యానికి కారణాలు. చివరికి ‘రోజానా’లో శవం బయటపడడానికి కారణమైన ఆ పూడికతీత కూడా, కాగితాలు బల్ల నుంచి బల్లకు తిరిగిన తరువాతనే మొదలవుతుంది. ఫైలు కదలకపోవడం మన దేశానికే ప్రత్యేకమనుకునేవాళ్లకు ఆ మొదటి పేజీలు చూపించండి.

ప్రశ్న: పేర్లు నోరు తిరగడం లేదు. కోల్‌బెర్గ్, మెలాండర్, రెన్, లార్సన్... ఎవరు ఎవరో గుర్తుండక వెనక్కి తిప్పి చూసుకోవలసి వస్తోంది.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

పేరు వదిలేసి మనిషిని పట్టుకోండి. భోజనప్రియుడు, భారీకాయుడు, మార్టిన్ బెక్‌కు ఆప్తమిత్రుడు అయినవాడు కోల్‌బెర్గ్; తన తుపాకీతో పొరపాటున ఒక సహోద్యోగిని చంపిన నాటి నుంచి ఆయుధం పట్టనివాడు. ఒకసారి విన్నది, చదివినది మరవనివాడు, పైపు తాగేవాడు, కావలసినప్పుడల్లా టాయిలెట్లో దొరికేవాడు మెలాండర్. ఖరీదైన బట్టలు, గట్టి గొంతు, మొరటు మాట గున్‌వాల్డ్ లార్సన్‌వి. ముక్కు ఎర్రబారి, ఎప్పుడూ జలుబుతో ఉంటూ, అంత మొరటువాడికి స్నేహితుడైన సౌమ్యుడు రెన్. రెండో పుస్తకం, మూడో పుస్తకం వచ్చేసరికి వీళ్లు మీ ఆఫీసులో పక్క సీట్లవాళ్లలాగా అయిపోతారు. మా ఇంట్లో మేము పేర్లు వాడము, ‘జలుబాయన’ అంటే అందరికీ తెలుసు.

ప్రశ్న: మొదటి అయిదు నవలలు ఎంతో ఇష్టంగా చదివాను. తరువాతి వాటిలో రాజకీయ ఉపన్యాసాలు ఎక్కువయ్యాయి. దానికితోడు ఆడవాళ్ల గురించి రాసిన కొన్ని భాగాలు ఈనాటి కంటికి చాలా ఇబ్బందిగా ఉన్నాయి. మీరు ఈ సంగతి మొదటే ఎందుకు చెప్పలేదు?
— ఒక అధ్యాపకురాలు, విజయవాడ

చెప్పకపోవడం నా తప్పే. రచయితలిద్దరూ మార్క్సిస్టులు, సంక్షేమ రాజ్యమని పేరు పొందిన స్వీడన్ లోలోపల ఎలా ఉందో నేర కథ ద్వారా చూపించడం వారి ఉద్దేశం. అప్పటివరకు స్థానిక సంస్థల కింద ఉన్న స్వీడన్ పోలీసు వ్యవస్థ 1965లో జాతీయం అయింది. సరిగ్గా అదే సంవత్సరం మొదటి నవల వచ్చింది. ఆ కేంద్రీకరణ వల్ల పోలీసులు ప్రజలకు దూరమయ్యారన్న కోపం పుస్తకం పుస్తకానికీ పెరుగుతూ వచ్చి, మీరు చెప్పినట్టు ఆరవ నవల నుంచి రచయితల గొంతు పాత్రల గొంతును మింగడం మొదలుపెడుతుంది. మొదటి నవలలలో ఆ విమర్శ కథలోనే, ఒక గది వర్ణనలోనో, ఒక మనిషి ఒంటరితనంలోనో కలిసిపోయి ఉండేది. చివరి వాటిలో పేజీ ఆపి ప్రకటన చదువుతారు. పదవ నవల ఆఖరి మాట మార్క్స్ పేరే అంటే ఇక చెప్పేదేముంది! హాస్యం మాత్రం వారిని చివరిదాకా విడిచిపెట్టలేదు, అదొక అదృష్టం.

ఆడవాళ్ల విషయంలో మీ అభ్యంతరంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నాలుగవ నవలలో ఒక స్త్రీ కోరికలను జబ్బులాగా చర్చించే పేజీలున్నాయి. అవి ఆ కాలపు ధోరణి అని సర్దిచెప్పుకున్నా చదవడానికి బాగుండవు. మొదటి పుస్తకాలలో మార్టిన్ బెక్ భార్యకు సణగడం తప్ప వేరే పని ఇవ్వకపోవడం కూడా అన్యాయమే. ఆయన మౌనం భరించినదాని వైపు నుంచి కథ చెబితే ఎలా ఉండేదో!

అయితే ఈ లెక్కలో రెండవ వైపు కూడా కొంత ఉంది. బస్సులో చనిపోయిన స్టెన్‌స్ట్రోమ్‌తో కలిసి జీవించిన ఓసా టోరెల్‌ను గుర్తు తెచ్చుకోండి. నాలుగవ నవలలో దుఃఖంతో గదిలో ముడుచుకుపోయిన ఆమె, తరువాతి నవలలలో పోలీసు ఉద్యోగంలో చేరి, పనిమంతురాలిగా మన ముందుకు వస్తుంది. ఒక నవలతో ముగిసిపోయే కథలో ఆమె ఏడుపు దగ్గరే తెర పడి ఉండేది. వరుస నవల కనుక ఆమెకు ఆ తరువాతి సంవత్సరాలు కూడా దక్కాయి. ఎనిమిదవ నవలలో ప్రవేశించి మార్టిన్ బెక్‌కు స్నేహితురాలయ్యే రేయా నీల్సెన్ అయితే ఆయన ఇంటి కిటికీలే కాదు, ఈ పుస్తకాల కిటికీలు కూడా తెరుస్తుంది. మీరు ఆరవదాని దగ్గర ఆగిపోయి ఉంటే, ఏడు, ఎనిమిది చదివిన తరువాత మళ్లీ రాయండి.

ప్రశ్న: పదీ అయిపోయాయి. రచయితలలో ఒకరైనా కొనసాగించలేదా? ఇప్పుడు ఏం చదవాలి?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

పేర్ వాలూ 1975లో, 48 ఏళ్ల వయసులో, చివరి నవల వచ్చిన సంవత్సరమే మరణించారు. మాయ్ షోవాల్ 2020 వరకు జీవించినా మార్టిన్ బెక్‌తో మరో నవల రాయలేదు. బస్సు హత్యల కథను 1973లో శాన్‌ఫ్రాన్సిస్కోకు మార్చి హాలీవుడ్‌లో సినిమాగా తీశారు. స్వీడన్‌లో బెక్ పేరుతో టీవీ చిత్రాలు వచ్చాయి. అవి వేరు, ఇవి వేరు.

చదవడానికైతే లోటు లేదు. ఈ జంట స్వయంగా స్వీడిష్‌లోకి అనువదించిన ఎడ్ మెక్‌బెయిన్ ‘87వ ప్రిసింక్ట్’ నవలలు ఉన్నాయి. 1956 నుంచి 2005 వరకు యాభైకి పైగా వచ్చాయి, ఒక కల్పిత అమెరికన్ నగరంలో ఒకే పోలీసు స్టేషన్ చుట్టూ తిరుగుతాయి. వేగం కావలసినప్పుడు నేను వాటిని పట్టుకుంటాను. పోలీసు వయసు మన వయసుతోపాటు పెరగాలని కోరుకునేవారు ఇయాన్ రాంకిన్ రాసిన ఎడిన్‌బరో ఇన్‌స్పెక్టర్ రీబస్‌ను 1987 నాటి మొదటి పుస్తకం నుంచి చదవాలి. ఆయన నిజంగానే అరవై ఏళ్లకు రిటైరవుతాడు, ఆ తరువాత కూడా ఊరుకోడు.

నేను మాత్రం పదవ పుస్తకం ముగించిన వారానికి వీటిలో వేటినీ తెరవకుండా మళ్లీ ‘రోజానా’ తీశాను. హంతకుడు తెలుసు, ఫొటోలలో ఏముందో తెలుసు. ఈసారి చదివినది వేరే. చలికాలంలో స్టాక్‌హోమ్ వీధులలో, పెద్దవాళ్లు పురమాయించిన కాపలా కాస్తూ, అనుమానితుడి వెనక నడిచే కుర్రవాడు ఒకడున్నాడు. మొదటిసారి అతడి పేరు కూడా సరిగా గమనించలేదు. ఈసారి స్టెన్‌స్ట్రోమ్ ఉన్న ప్రతి పేజీ దగ్గరా ఆగి చదివాను.